పండగకు మిగిలిన గుమ్మడి.. చలికి వేడి పులుసు

సంక్రాంతికి వారం ముందు సంతలో గుమ్మడికాయకు ఉండే గిరాకీ కనుమ దాటగానే పడిపోతుంది. దానాలు అయిపోతాయి, దప్పళాలూ అయిపోతాయి. మిగిలిన కాయల్ని తిరిగి ఇంటికి మోసుకురాలేక, అడిగిన రేటుకు ఇచ్చేసి వచ్చే రైతులు మనలో చాలామందే. బండి కిరాయి కూడా రాని ధరకు అన్నీ వదిలించుకునేకన్నా, బాగా ముదిరిన కాయలు నాలుగైదు ఇంటికి మళ్ళించండి. చలి వెళ్ళేదాకా పొయ్యి మీద పులుసు కాగుతుంది, కూరల ఖర్చూ కొంత మిగులుతుంది.

చెబుతున్నది బూడిద గుమ్మడి గురించి కాదు, తియ్య గుమ్మడి గురించి. దాని కండకు పసుపు రంగునిచ్చే కెరోటిన్ మన ఒంట్లో విటమిన్ 'ఎ'గా మారుతుంది. పిల్లల కంటిచూపుకు కావలసింది అదే. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క చందన్ రకంలో ఇది బాగా ఉంటుంది. కాయ 2-3 కిలోలే తూగుతుంది కనుక చిన్న కుటుంబానికి వీలు.

నిల్వకు గోరు గుచ్చితే దిగని కాయనే ఎంచుకోవాలి. తొడిమ రెండు మూడంగుళాలు ఉంచి కోయండి. తొడిమ పట్టుకుని ఎత్తారో, అది ఊడిన చోటి నుంచే కుళ్ళు మొదలవుతుంది. పండుఈగ పొడిచిన కాయ, దెబ్బ తగిలిన కాయ ముందుగా వండేసుకోవాలి. మిగతావి వారం పది రోజులు గాలి తగిలే పొడిచోట ఆరనిచ్చి, అటక మీద గడ్డి పరిచి ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. వాసానికి ఉట్టి కట్టి వేలాడదీసినా మంచిదే. రెండు మూడు నెలలు నిక్షేపంగా ఉంటాయి.

ఇక పులుసు. చాలా ఇళ్ళలో గుమ్మడికాయను ఆడవాళ్ళు కొట్టరు, మగవాళ్ళే కొట్టి ఇస్తారు. కాయ కొట్టి చేతులు దులుపుకోకుండా ముక్కలు కూడా తరిగి పెట్టండి, పోయేదేమీ లేదు! ముందు చిన్న ముక్క నాలుక మీద వేసుకు చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ వండొద్దు. ఎంత ఉడికించినా ఆ చేదు విరగదు, కడుపులో తిప్పుతుంది.

అయిదారుగురికి అరకిలో ముక్కలు చాలు. తొక్క తియ్యకుండా పెద్ద ముక్కలు కోస్తే చిదిరిపోవు. ఒక ఉల్లిపాయ, నాలుగు పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు వేసి మునిగేటన్ని నీళ్ళలో ఉడికించండి. ముక్క మెత్తబడ్డాకే నిమ్మకాయంత చింతపండు పులుసు పొయ్యాలి. ముందే పోస్తే పులుపుకు ముక్క త్వరగా ఉడకదు, కట్టెలు దండగ. చిన్న బెల్లం ముక్క వెయ్యండి. కాయ బాగా తియ్యగా ఉంటే అదీ అక్కర్లేదు. నాలుగైదు ముక్కలు గరిటెతో మెదిపితే పులుసు చిక్కబడుతుంది. ఇంకా చిక్కదనం కావాలంటే చెంచాడు బియ్యప్పిండి చన్నీళ్ళలో కలిపి పొయ్యండి. పిండి నేరుగా చల్లితే ఉండలు కడుతుంది.

చలిరోజుల్లో కారం తగ్గించి అర చెంచా మిరియాలు, అంత జీలకర్ర రోట్లో కచ్చాపచ్చాగా నూరి వేస్తే గొంతుకు హాయిగా ఉంటుంది. చివర్లో నూనెలో ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు. నూనె ఉంటేనే కెరోటిన్ ఒంటికి బాగా పడుతుంది, పోపు మానెయ్యకండి. అన్నంలోకి సరే, జొన్నరొట్టె ముంచుకు తినడానికీ బాగుంటుంది. పళ్ళు లేని ముసలివాళ్ళకు ముక్కలు పూర్తిగా మెదిపి గిన్నెలో పోసివ్వండి, తాగేస్తారు.

కోసిన కాయ ఒకటి రెండు రోజుల్లో వాడెయ్యాలి. పెద్దదైతే సగం పక్కింటికి పంపండి, రేపు వాళ్ళ కాయలో సగం మీకొస్తుంది. గింజలు కడిగి నీడన ఆరబెట్టండి. నాటు రకమైతే విత్తనానికి కొన్ని దాచుకోవచ్చు. హైబ్రిడ్ కాయ గింజలు మాత్రం విత్తనానికి పనికిరావు. వాటిని వేయించి ఉప్పు చల్లితే పిల్లలు ఒలుచుకు తింటారు.