ఫ్రాన్స్ రాజుగారి బట్టతల

ఇప్పుడు ఫ్రాన్స్‌ను ఏలుతున్న రాజుగారికి బట్టతల. ఈ మాట నిజమా, అబద్ధమా?

తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ 1905లో 'మైండ్' పత్రికలో రాసిన వ్యాసంలోని చిక్కుముడి ఇది. ఫ్రాన్స్‌లో చివరి రాజు గద్దె దిగింది 1848లో. బట్టతల ఉన్నవాళ్లందరినీ ఒక వరసలో, లేనివాళ్లందరినీ మరో వరసలో నిలబెట్టి వెతికినా ఆ రాజుగారు ఎక్కడా దొరకరు. రెండు విరుద్ధాలను కలిపేయడమంటే ఇష్టపడే హెగెల్ అనుచరులైతే ఆయన విగ్గు పెట్టుకుని ఉంటాడని తేల్చేస్తారంటూ రసెల్ ఒక చురక కూడా అంటించాడు. పత్రిక సంపాదకుడు స్టౌట్‌కు ఇదంతా విడ్డూరంగా తోచి, మరోసారి ఆలోచించుకోమని బతిమాలాడట. రసెల్ వినలేదు. భాషా తత్వశాస్త్రం చదవబోయే విద్యార్థుల చేతికి మొదట అందే వ్యాసాల్లో ఇప్పుడదొకటి.

లేని మనిషి గురించి చెప్పిన మాట మనకు అర్థమవుతోంది కదా, మరి అది ఎవరి గురించి? ఆస్ట్రియాకు చెందిన మైనోంగ్, లేనివాటిని కూడా ఒక రకం వస్తువులుగానే లెక్కించాలన్నాడు. రసెల్ అలా ఒప్పుకోలేదు. ఆ వాక్యం చూడటానికి ఒక్కటే గానీ అందులో మూడు మాటలున్నాయన్నాడు: ఫ్రాన్స్‌కు రాజున్నాడు, ఒక్కడే ఉన్నాడు, అతనికి బట్టతల. మొదటిదే అబద్ధం కాబట్టి మొత్తం అబద్ధం. అలాగని ఆయనకు బట్టతల లేదంటే నిజమైపోతుందా? రాజున్నాడు గానీ ఆయనకు బట్టతల లేదని చెప్పదలిస్తే అదీ అబద్ధమే. బట్టతల రాజంటూ ఎవరూ లేరనే అర్థంలో అంటే మాత్రం నిజం. ఒకే 'లేదు' రెండు చోట్ల రెండు పనులు చేస్తోంది. కోర్టులో సాక్షిని ఇరుకున పెట్టే లాయర్లకు ఈ కిటుకు రసెల్ చెప్పకముందే తెలుసు!

45 ఏళ్ల తర్వాత, 1950లో, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన స్ట్రాసన్ అదే పత్రికలో ఎదురు తిరిగాడు. రాజే లేనప్పుడు ఆయన తల గురించి నిజమో అబద్ధమో తేల్చే ప్రసక్తే రాదన్నాడు. వాక్యం దేన్నీ సూచించదని, సూచించేది దాన్ని వాడే మనిషేనని అతని వాదం. రసెల్ 1957లో కాస్త ఘాటుగానే బదులిచ్చాడు. ఈ మూడు వ్యాసాలనూ వరసగా చదివితే తత్వవేత్తలు ఎలా పోట్లాడుకుంటారో తెలుస్తుంది. ఏ చరిత్ర పుస్తకంలోనూ ఆ రుచి దొరకదు.

తత్వశాస్త్రంలోకి కొత్తగా వచ్చే పాఠకులు చాలామంది ప్లేటో దగ్గర మొదలుపెట్టి, కాంట్ దాకా వచ్చి, అక్కడ చేతులెత్తేస్తారు. వరసక్రమం మీద అంత పట్టింపు అక్కర్లేదు. రసెల్‌దే 1912 నాటి 'తత్వశాస్త్ర సమస్యలు' అనే చిన్న పుస్తకం సామాన్య పాఠకుల కోసమే వచ్చింది. ఎదుట ఉన్న బల్ల రంగేమిటి, ఆకారమేమిటి అని మొదలవుతుంది. వెలుగు మారితే రంగు మారుతుంది, చూసే చోటు మారితే ఆకారం మారుతుంది. అయితే అసలు బల్ల ఏది? అక్కడ పట్టు చిక్కాక దెకార్త్ 1641లో ప్రచురించిన 'ధ్యానాలు' బెదిరించవు.

విట్‌గెన్‌స్టయిన్ విషయంలోనే జాగ్రత్త. ఆయన 'ట్రాక్టాటస్' పలచగా ఉందని ముచ్చటపడి కొని, రెండో పేజీలోనే ఆగిపోయినవాళ్లు ఎందరో. ఆయన చనిపోయాక 1953లో వచ్చిన 'తాత్విక పరిశోధనలు' లావుగా ఉన్నా తలుపు తెరిచే ఉంటుంది. మొదటి పేజీలోనే ఒకడు చీటీ పట్టుకుని కొట్టుకు వెళ్తాడు. చీటీలో ఐదు ఎర్ర ఆపిల్ పళ్లని ఉంటుంది. కొట్టువాడు ఆపిల్ అని రాసిన సొరుగు లాగి, రంగుల పట్టికలో ఎరుపు చూసుకుని, ఐదు దాకా లెక్కపెడుతూ ఆ రంగు పళ్లు ఒక్కొక్కటే తీస్తాడు. మరి 'ఐదు' అనే మాటకు అర్థమేమిటి? అక్కడ ఆ ప్రశ్నే లేదు, ఆ మాటను ఎలా వాడారన్నదే ఉందంటాడు విట్‌గెన్‌స్టయిన్.

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు సాల్ క్రిప్కీని వదలకూడదు. 1970 జనవరిలో, 29 ఏళ్ల వయసులో, ప్రిన్‌స్టన్‌లో కాగితం ముక్క చూడకుండా ఇచ్చిన మూడు ఉపన్యాసాలే 'పేర్లు, అనివార్యత' అనే పుస్తకమయ్యాయి. మాట్లాడినట్టే ఉంటుంది కాబట్టి చదవడం తేలిక. మామూలు పేర్లు కూడా మారువేషంలో ఉన్న 'ఫ్రాన్స్ రాజు' లాంటి వర్ణనలేనన్న రసెల్ అభిప్రాయం మీదే అతని దాడి. గణితంలో ఫలానా సిద్ధాంతాన్ని నిరూపించిన మనిషిగానే చాలామందికి గోడెల్ తెలుసు. ఆ నిరూపణ నిజానికి ష్మిట్ అనే అనామకుడిదని, గోడెల్ దాన్ని కాజేశాడని ఊహించమంటాడు క్రిప్కీ. పేరంటే వర్ణనే అయితే, గోడెల్ అన్నప్పుడల్లా మనం తెలియకుండానే ష్మిట్ గురించి మాట్లాడుతున్నట్టు లెక్క. కానీ అలా ఎవరూ ఒప్పుకోరు. దొంగ అయినా సరే, గోడెల్ అంటే గోడెలే.