నీళ్ళ పొయ్యి పొగ ఎవరికి?

మా కె. కోటపాడు ఇంట్లో రెండు పొయ్యిలున్నాయి. వంటింట్లో గ్యాసు, పెరటి వసారాలో మా అత్తగారి నీళ్ళ పొయ్యి. గ్యాసు వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా ఆ రెండోది ఆరలేదు. తెల్లారకుండానే జీడితోటలో ఏరుకొచ్చిన ఎండుపుల్లలు, తాటికమ్మలు అందులో పడాల్సిందే. "గేసు మీద కాగిన నీల్లు ఒంటికి ఆనవమ్మా" అంటారావిడ. వంట గ్యాసు మీదే కదా, పొగ బాధ తీరిపోయిందనుకున్నాన్నేను.

తీరలేదని ఓ పరిశోధన గురించి చదివాక తెలిసింది. చెన్నై శ్రీరామచంద్ర మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ కల్పనా బాలకృష్ణన్, అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ ప్రొఫెసర్ కిర్క్ స్మిత్ మరికొందరితో కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల్లో 412 పల్లె ఇళ్ళల్లో గాలిని కొలిచారు. ఎవరెవరు ఎక్కడ ఎంతసేపు ఉంటారో 1400 మంది దగ్గర వివరాలు రాసుకున్నారు. ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. ఘనపు మీటరు గాలిలో సన్నని నుసి గ్యాసు వాడే ఇళ్ళల్లో రోజుకు సగటున 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలు, పిడకలు వాడే ఇళ్ళల్లో 732 వరకూ ఉంది. గ్యాసు ఇళ్ళల్లోనూ సున్నా కాదు చూశారా? పక్కింటి పొగ మన గోడ దగ్గర ఆగుతుందా మరి!

ఆడవాళ్ళలో ఎక్కువ పీల్చేది 15 నుంచి 40 ఏళ్ళ వాళ్ళు. అది మనకి తెలిసిందే. మగవాళ్ళలో ఎవరనుకున్నారు? 65 నుంచి 80 ఏళ్ళ వాళ్ళు. బయటికి వెళ్ళలేక ఇంటిపట్టున ఉండేవాళ్ళు.

అక్కడ ఆగిపోయాను. మా మావగారి మంచం వసారా పక్క గదిలోనే ఉంది. ఆయన దగ్గుని ఇన్నాళ్ళూ చలికాలం మీదకి నెట్టేశాం.

ఈ మసి ఇంటితో పోయేదీ కాదు. గాలిలో తేలుతూ ఎండవేడిని పీల్చుకుంటుంది. కాలిఫోర్నియాలో పనిచేసిన మన దక్షిణాది శాస్త్రవేత్త వి. రామనాథన్ ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న సంగతే ఇది. బొగ్గుపులుసు వాయువు గాలిలో శతాబ్దాలు నిలిచి ఉంటుంది, మసి మాత్రం రోజుల్లోనో వారాల్లోనో రాలిపోతుంది. అంటే పొయ్యి ఆపిన ఫలితం తొందరగానే కనిపిస్తుంది.

ఆపడమే కష్టం. 1999లో దీపం పథకం ఎన్నో ఇళ్ళకు గ్యాసు తెచ్చింది. 2024లో మొదలైన దీపం-2లో ఏడాదికి 3 సిలిండర్లు ఉచితమన్నారు. స్నానాలకూ గ్యాసే వాడితే మా ఇంటికి అవి మూడు నెలలే. పుల్లలు ఊరికే వస్తాయి. అత్తగారి మాటలో ఆ లెక్కా ఉంది, తప్పుపట్టలేను.

అందుకని పొయ్యిని ఆర్పమనలేదు, జరపమన్నాను. ఆవిడ మొహం ముడుచుకున్నారు. మావగారి సంగతి చెప్పాక, "ముందే సెప్పొచ్చు కదమ్మా" అని తనే ఇటుకలు మోసి పెరటి చివర పెట్టారు. సాయంత్రం స్నానాలకి మధ్యాహ్నమే గంగాళం ఎండలో పెడుతున్నాం. మావగారి మంచం వీధి గదిలోకి మారింది. దగ్గు పోలేదు గానీ రాత్రుళ్ళు లేచి కూర్చోవడం తగ్గింది.

వానాకాలంలో ఆరుబయట పొయ్యి ఎలా వెలుగుతుందన్నది ఇప్పుడు మా అత్తాకోడళ్ళ మధ్య నడుస్తున్న తగువు.