పత్తిలో పురుగు ఫొటో స్పష్టంగా రావాలంటే
శ్రీరాంపూర్ వైపు పత్తి చేలలో ఆకుముడత కనిపిస్తే, అది పచ్చదోమ వల్లనా, తామర పురుగు వల్లనా తేలకుండా మందు కొట్టరాదు. ఏఈఓకు పంపే ఫొటో మసకగా ఉంటే వారూ చెప్పలేరు.

ముందుగా లెన్సు తుడవాలి. మందు తుంపర్లు, చెమట అంటి ఉంటాయి. ఫోన్ మరీ దగ్గర పెడితే ఫోకస్ కాదు. జానెడు దూరంలో ఉంచి, 2 రెట్లు జూమ్ చేసి, తెరపై పురుగు మీదే తాకాలి. ఆకు ఊగకుండా రెండో చేత్తో పట్టుకోవాలి. నడి ఎండలో ఆకు వెలిసినట్టు పడుతుంది, మీ నీడలోనే తీయండి.

తామర పురుగు సుమారు 1 మిల్లీమీటరే. ఆకును తెల్ల కాగితంపై దులిపి, లెన్సు ముందు భూతద్దం పెట్టి తీయాలి. తెలుపు వల్ల పురుగు నల్లగా వస్తే, తాకిన చోట కనిపించే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపాలి.

వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే స్పష్టత తగ్గదు.