గెడ్డకు దారి ఇద్దాం

విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి, "మేస్టారూ, ఈ ఏడాది సంచికకి మీరేదైనా రాసివ్వాలండీ, పర్యావరణం మీదైతే మరీ బాగుంటుంది" అన్నాడు. పర్యావరణం అనగానే మనకు హిమాలయాల మంచు, ఉత్తర ధ్రువపు ఎలుగుబంట్లు గుర్తుకొస్తాయి. అంత దూరం పోయే ఓపిక నాకు లేదు. మన కాలేజీ గేటు ముందు బస్సెక్కితే అరగంటలో చేరగల గెడ్డ ఒకటుంది. దాని సంగతే చెప్తాను.

దానికి ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం రెండో సంవత్సరం కెమిస్ట్రీ క్లాసులో ఒకమ్మాయి ప్రాక్టికల్ పరీక్ష దగ్గర పడ్డా రికార్డు ఇవ్వలేదు. అందరి ముందూ గట్టిగా కేకలేశాను. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా సంచిలోంచి ఒక అట్ట తీసి బల్ల మీద పెట్టింది. అట్ట ఉబ్బిపోయి ఉంది, లోపల కాగితాలన్నీ ఒక్క ముద్దయిపోయాయి, సిరా నీలంగా కారిపోయింది. "రాత్రి గెడ్డ ఇంట్లోకొచ్చింది సార్" అని మాత్రం అంది. ఏడాది పొడవునా చేసిన ప్రయోగాలు ఒక్క రాత్రిలో పోయాయి. అడగకుండా తిట్టినందుకు నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు సాయంత్రం వాళ్ళ వీధికి వెళ్ళాను. జ్ఞానాపురం వైపు, రైలుకట్టకి దిగువన ఉంది ఆ వీధి. గోడల మీద మోకాటి ఎత్తున బురద చార ఇంకా తడిగానే ఉంది.

గుమ్మంలో కూర్చున్న మామ్మ ఒకావిడ నన్ను చూసి, "గెడ్డ మా ఇంటికొచ్చీసిందని అందరూ అంటన్నారు గానీ బాబూ, మేవే ఎల్లి గెడ్డలో ఇల్లు కట్టుకున్నాం. మరెక్కడికెల్తాం?" అంది. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఆ రెండు ముక్కలు పెద్ద పాఠం.

గెడ్డ అంటే ఏమిటి?

కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి మన హాస్టళ్ళలో ఉంటున్న మిత్రులకు ఈ మాట కొత్త కావచ్చు. కొండ మీద పడ్డ వాన నీరు దిగి సముద్రానికి పోయే వాగును మా ఉత్తరాంధ్రలో గెడ్డ అంటాం. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ, గంగులగెడ్డ, ఎర్రిగెడ్డ, ఇవన్నీ విశాఖ గెడ్డలే. వీటిలో కొన్నిటిని జనం ఇప్పుడు 'మురికి కాలవ' అంటున్నారు. పేరు మారినప్పుడే సగం నష్టం జరిగిపోయింది. వాగనుకుంటే కాపాడతాం, కాలవనుకుంటే చెత్త పారేస్తాం.

విశాఖ నైసర్గిక స్వరూపం ఒక పళ్ళెం లాంటిది. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండల వరుస. దక్షిణాన యారాడ కొండ, దాని కొస డాల్ఫిన్స్ నోస్. మధ్యనున్న పల్లంలో నగరం. రెండు వైపులా పడ్డ వాన ఈ పల్లంలోకే రావాలి. ఇక్కడొక చిన్న లెక్క వేద్దాం. చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు వాన కురిస్తే 1 లీటరు నీరు. ఆ లెక్కన చదరపు కిలోమీటరు మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 5 కోట్ల లీటర్లు. అనగా పదివేల లీటర్ల టాంకర్లు 5,000 నిండుతాయి. నేల మట్టి అయితే అందులో కొంత తాగుతుంది. సిమెంటు, తారు అయితే దాదాపు అంతా గెడ్డ మీదకే వస్తుంది.

గెడ్డ చివరి సంగతి మరీ ముఖ్యం. ఇవాళ ఓడరేవు ఉన్న చోట ఒకప్పుడు ఉప్పునీటి చిత్తడి ఉండేది. గెడ్డల నీరు దానిలో చేరి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రంలో కలిసేది. ఆ చిత్తడిని తవ్వి, ఆ మట్టితోనే పల్లాలు పూడ్చి రేవు కట్టారు. 1933లో అది మొదలైంది. రేవు వల్లనే నౌకా నిర్మాణం వచ్చింది, 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది, తర్వాత ఎరువులు, జింకు, ఉక్కు వచ్చాయి. మనలో చాలామంది ఇళ్ళలో పొయ్యి వెలిగింది వాటి వల్లనే, కాదనను. కానీ వరద నీటిని కాసేపు పట్టి ఉంచే స్పాంజి లాంటి ఆ చిత్తడిలో చాలా భాగం పోయింది. ఇక మిగిలింది సముద్రపు పోటు. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, అమావాస్యకీ పున్నానికీ మరింత ఎత్తుగా వస్తుంది. పోటు మీద ఉన్నప్పుడు రేవులో నీటిమట్టం లేచి గెడ్డ నోటికి అడ్డం పడుతుంది. సరిగ్గా అప్పుడే పైన వాన దంచితే నీరు ముందుకు పోలేక వీధుల్లోకి తిరుగుతుంది. మామ్మ ఇంట్లోకి వచ్చిన నీరు అదే.

మురికీ వరదా వేరు కాదు

గెడ్డ మురికి ఆరోగ్య శాఖ సంగతి, వరద విపత్తుల శాఖ సంగతి అని విడదీసి చూడటం మనకు అలవాటు. నిజానికి రెండూ ఒకే జబ్బు. ప్లాస్టిక్కు, ఇళ్ళు కూల్చిన రద్దు, బురద గెడ్డను ఇరుకు చేస్తాయి. ఇరుకైన గెడ్డ పొంగుతుంది. పొంగినప్పుడు ఆ మురికినంతా తెచ్చి వంటింట్లో పోస్తుంది. కామెర్లూ విరేచనాలూ దాని వెనకే వస్తాయి.

ఆ సంవత్సరం మా విద్యార్థులతో గెడ్డ నీటికి విన్‌క్లర్ పరీక్ష చేయించాను. సీసాలోని నీటికి మాంగనస్ సల్ఫేటు, క్షార అయొడైడు కలిపితే, నీళ్ళలో ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు అవక్షేపం వస్తుంది. కుళాయి నీటికి చక్కగా వచ్చింది. గెడ్డ నీటికి తెల్లగానే ఉండిపోయింది. అనగా ప్రాణవాయువు దాదాపు శూన్యం. చేపలు బతికి పిల్లలు పెట్టాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. "ఈ నీళ్ళలో ఏదీ బతకదా సార్?" అని అడిగారు పిల్లలు. ఒకటి బతుకుతుంది. కాపిటెల్లా అనే సన్నని పురుగు కుళ్ళిన బురదలోనే వర్ధిల్లుతుంది. విశాఖ రేవు బురదలో దాన్ని కాలుష్యానికి గుర్తుగా చూపించినవారు మన ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞులు పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ గార్లే, 1970 దశకంలో. మన పెద్దలు అప్పుడే హెచ్చరించారన్నమాట.

గెడ్డలో పడ్డది సముద్రం చేరుతుంది, అలల మీద తిరిగొస్తుంది. 2022 ఆగస్టు 26న విశాఖ తీరాన ఇరవై వేల మందికి పైగా జనం పూనుకొని ఒక్క రోజులో 76 టన్నుల ప్లాస్టిక్కు ఏరారని ప్రభుత్వం లెక్క చెప్పింది. మెచ్చుకోవలసిన పనే. కాని కుళాయి కట్టకుండా నేల తుడిస్తే ఎన్నాళ్ళు తుడుస్తాం?

ముందున్న కాలం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా మన మీదకే వచ్చింది. మర్నాడు మన ప్రాంగణంలో కూలిన చెట్లు దాటుకుంటూ నడిచినవారికి నేను చెప్పనక్కర్లేదు. చెట్టు పోతే నీడ ఒక్కటే కాదు పోయేది, కొండవాలు మీద మట్టిని పట్టుకునే వేరు కూడా పోతుంది. ఆ మట్టి దిగేది గెడ్డలోకే. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటినా, విశాఖ పల్లపు వీధులు మునిగాయి, మేఘాద్రిగెడ్డ జలాశయం గేట్లెత్తారు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. కాబట్టి కురిసినప్పుడు కుంభవృష్టి కురుస్తుంది. 1901 నుంచి 2018 లోపల ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘం తేల్చింది. పై నుంచి నీరు ఎక్కువ, కింద పోయే దారి ఎత్తు. ఈ రెంటి నడుమ ఉన్నది మామ్మ ఇల్లు.

మేము చేసినదేమిటి?

చేసింది చిన్న పనే, గొప్పలు చెప్పను. ఎన్.ఎస్.ఎస్. పిల్లలతో నాలుగు ఆదివారాలు కొండ అడుగు నుంచి రేవు గోడ వరకూ గెడ్డ వెంట నడిచాం. ఎక్కడ ఇరుకైందో, ఎక్కడ రద్దు పోశారో పటం గీశాం. గోడల మీద వరద ఎత్తును తెల్లరంగుతో గుర్తు పెట్టాం. నీళ్ళు ఏ వేళకు వచ్చాయో ఇంటింటా అడిగి, ఆ తేదీల పోటు వేళలతో సరిచూశాం. నీరు ఎక్కువసేపు నిలిచిన రాత్రులన్నీ పోటు మీదున్న రాత్రులే. రికార్డు పోగొట్టుకున్న ఆ అమ్మాయే ఈ పట్టిక తయారుచేసింది.

తర్వాత వీధివాళ్ళ సంతకాలతో అర్జీ పట్టుకెళ్ళాం. మొదటిసారి రసీదు ముద్ర తప్ప ఏమీ రాలేదు. రెండోసారీ అంతే. మూడోసారి పటంతో వెళితే మే నెలలో పూడిక తీశారు. సంతోషించాం. తీసిన పూడిక గట్టు మీదే పోసి వెళ్ళారు. జూన్ మొదటి వానకి అదంతా తిరిగి గెడ్డలో పడింది! అప్పుడు తెలిసింది, 'పూడిక తియ్యండి' అని అడిగితే చాలదు, 'తీసిన రోజే తరలించండి' అని కాగితం మీద రాయించుకోవాలని. మరుసటి ఏడు ట్రాక్టర్లు వచ్చాయి. వీధివాళ్ళు కూడా చెత్త గెడ్డలో వెయ్యకుండా వంతులవారీగా కాపలా కాశారు. ఆ ఏడు నీళ్ళు రాలేదని అబద్ధం చెప్పను, వచ్చాయి. కానీ మూడు గంటల్లో పోయాయి. అంతకు ముందు తెల్లారే దాకా ఉండేవి.

నీటి చోటును కాపాడుకోవడం మనకు కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేల కోసం రైతులూ మత్స్యకారులూ ఏళ్ళ తరబడి నిలబడ్డారు. థర్మల్ విద్యుత్ కేంద్రం వస్తే ఆ బీల పోతుందని వారి భయం. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలే పోయాయి. బీల మాత్రం మిగిలింది. చెరువులూ కుంటలూ ఊరి ఉమ్మడి ఆస్తి, వాటిని కాపాడాలని సుప్రీంకోర్టు 2001లోనే హించ్ లాల్ తివారీ కేసులో చెప్పింది. మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల కోసం 2002 నాటి వాల్టా చట్టం ఉంది. అడగడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. లేనిదల్లా అడిగేవాళ్ళే.

మిత్రులకు మనవి

విద్యార్థి మిత్రులారా, మీరుండే వీధి వాన నీరు ఏ గెడ్డలో కలుస్తుందో ముందు తెలుసుకోండి. ఏటా ఏప్రిల్‌లో ఒక ఆదివారం దాని వెంట నడవండి, పటం గీయండి, పోయినేడు పటంతో పోల్చండి. అధ్యాపక మిత్రులు ప్రయోగశాల సీసాను ఒక్కసారి గెడ్డ దాకా తీసుకెళ్ళండి, సిలబస్ చెడిపోదు. పూర్వ విద్యార్థులు పోర్టులో, ఉక్కులో, కార్పొరేషన్‌లో పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. మన పిల్లలు పటం పట్టుకొని మీ గది ముందు నిలబడితే కుర్చీ చూపించండి. మామ్మ లాంటివాళ్ళని అక్కణ్ణించి లేపేస్తే పని అయిపోతుందని మాత్రం ఎవరూ అనకండి. లేపితే ఎక్కడికి అన్నదానికి ముందు జవాబు ఉండాలి.

1966లో 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని ఈ ఊరి విద్యార్థులు వీధుల్లోకొచ్చారు. 1971లో పునాది రాయి పడింది. అంత పెద్ద కర్మాగారాన్ని సాధించిన ఊరు, ఒక గెడ్డకు దారి ఇవ్వలేదా?

ఆ అమ్మాయి రికార్డు మళ్ళీ మొదటి నుంచీ రాసింది. గడువు పెంచడం తప్ప నేను చేసింది లేదు. ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతోంది. మొన్న కనిపిస్తే, "రికార్డు జాగ్రత్తేనా అమ్మా?" అన్నాను. "అటక మీద పెట్టాను సార్" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. మన విద్యార్థుల పుస్తకాలు అటక ఎక్కనవసరం లేని వానాకాలం ఒకటి వస్తే చూడాలని ఉంది.