కాళ్లలో ఉబ్బిన నరాలు: పసర్లతో పోవు, అలవాట్లతో అదుపులో ఉంటాయి

మంజీరా మీది ఘనపురం ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారంటే మెదక్ చుట్టుపక్కల నాట్లు జోరందుకుంటాయి. మహబూబ్‌నహర్, ఫతేనహర్ కాల్వల కింద పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకే దాకా బురదలోనే పని. సాయంత్రం ఒడ్డెక్కి కాళ్లు కడుక్కుంటే కొందరి పిక్కల మీద నీలం రంగులో, మెలికలు తిరిగి, వానపాముల్లా ఉబ్బిన నరాలు కనిపిస్తాయి. "బురదల దిగుడుతోటి నరాలు తేలినయి" అనుకుని ఊరుకుంటారు. నొప్పి పెద్దగా లేకపోతే ఏండ్లకేండ్లు పట్టించుకోరు. తీరా గిలక పక్కన పుండు పడి, అది మానక, నాట్ల కాలంలో మంచానికి అతుక్కుపోయినప్పుడు గాని దాని సంగతి తెలియదు. కూలికి పోయేవాళ్లకు కూలి పోతుంది. ఎకరం, అరెకరం సొంతంగా చేసుకునేవాళ్లకు మనిషిని పెట్టుకునే ఖర్చు మీద పడుతుంది. అందుకే ఈ జబ్బు ఎందుకు వస్తుందో, ఇంటి దగ్గర ఏం చేసుకోవచ్చో, ఏది చేయకూడదో రైతులు తెలుసుకోవాలి.

ఫుట్‌వాల్వు చెడినట్లే

మనం వీటిని నరాలు అంటాం గాని నిజానికి ఇవి చెడు రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరలు. డాక్టర్లు ఈ జబ్బును వెరికోస్ వెయిన్స్ అంటారు.

బాయి మీద మోటారు ఉన్న రైతుకు దీన్ని చెప్పడం సులువు. పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది. అది నీటిని పైకి పోనిస్తుంది, కిందికి జారనివ్వదు. వాషరు అరిగితే పైపులో నీళ్లు నిలవవు. కాలి సిరల్లో కూడా ఇలాంటి కవాటాలు ఒకదానిపైన ఒకటి చాలా ఉంటాయి. రక్తాన్ని పైకి నెట్టే మోటారు ఏదంటే మన పిక్క కండరమే. అడుగు వేసినప్పుడల్లా పిక్క బిగుసుకుని సిరను పిండుతుంది, రక్తం పైకి ఎక్కుతుంది. అందుకే పిక్కను రెండో గుండె అంటారు.

కదలకుండా నిలబడితే ఆ మోటారు ఆగిపోయినట్టే. అప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలో, 80 నుంచి 90 దాకా ఉంటుంది. కవాటాలు బాగున్న మనిషి కొన్ని అడుగులు నడిస్తే చాలు, అది 30కి అటూ ఇటూగా దిగుతుంది. రోజూ గంటలకొద్దీ ఒత్తిడి పడితే సిర గోడ సాగుతుంది. గోడ సాగితే కవాటం రెక్కలు ఒకదానికొకటి అందవు. రక్తం వెనక్కి జారుతుంది. ఆ బరువు కింది కవాటం మీద పడి అదీ చెడుతుంది. అలా ఒక్కొక్కటే పోతుంది.

ఎవరికి ఎక్కువ?

తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ, ఒళ్లు పెరిగేకొద్దీ కూడా ఎక్కువవుతుంది. ఆడవాళ్లకు కాన్పుల వల్ల వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది, పెరిగిన గర్భం పొత్తికడుపులోని సిరలను నొక్కుతుంది. కాన్పు తర్వాత కొన్ని నెలల్లో చాలామందికి తగ్గుముఖం పడుతుంది గాని, కాన్పులు పెరిగేకొద్దీ మిగిలిపోతుంది. మలబద్ధకంతో రోజూ ముక్కేవాళ్లకూ పొత్తికడుపులో ఒత్తిడి పెరుగుతుంది.

ఇక పని సంగతి. నాట్లు వేసేవాళ్లు అడుగడుగునా వెనక్కి జరుగుతారు నిజమే గాని, నడుం వంచి బురదలో జరగడం నడక కిందికి రాదు. హోటల్లో వంటవాళ్లు, బస్సు కండక్టర్లు, బడిపంతుళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు కూడా నిలబడే పనివాళ్లే. బీడీలు చుట్టే ఆడవాళ్లు కాళ్లు మడిచి కూర్చున్నచోటే గంటలు గడుపుతారు. వాళ్లకూ పిక్క ఆడదు. ఒక్క మాట: బురద వల్ల, చల్లటి నీళ్ల వల్ల ఈ జబ్బు రాదు. మనకు చేటు చేసేది నిలబడిన గంటలు.

గుర్తుపట్టడం ఎలా?

మొదట సాయంత్రానికి కాళ్లు బరువెక్కినట్టు, లాగినట్టు ఉంటాయి. చీలమండ దగ్గర వాపు వచ్చి తెల్లారేసరికి దిగిపోతుంది. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తాయి. నరాలు ఉబ్బినచోట దురద పెడుతుంది. తర్వాత గిలక పైన, ముఖ్యంగా లోపలి వైపు, చర్మం ముదురు గోధుమ రంగుకు మారి గట్టిపడుతుంది. ఇది పుండుకు ముందు వచ్చే హెచ్చరిక. బోదకాలు వేరు, ఇది వేరు. బోదకాలు దోమకాటుతో వచ్చే పురుగు వల్ల వస్తుంది, దాని మందులు దీనికి పనికిరావు.

ఇంటి దగ్గర చేసుకోవలసినవి

* పని నుంచి వచ్చాక వెల్లకిలా పడుకుని కాళ్లు గుండె కంటే ఎత్తులో ఉండేలా గోడకు ఆనించాలి, లేదా బియ్యం మూట మీద పెట్టాలి. 15 నిమిషాలు చాలు. రోజుకు మూడు నాలుగు సార్లు చేస్తే వాపు దిగుతుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక చెట్టు కింద ఒడ్డు మీద కాళ్లు పెట్టి పడుకోవచ్చు.

* నిలబడే పనిలో అరగంటకోసారి మునివేళ్ల మీద లేచి దిగాలి. ఇలా 15, 20 సార్లు. కూర్చున్నవాళ్లు పాదాలు కిందికీ పైకీ ఆడించాలి. నాట్లలో ఒక మడి కాగానే ఇంకో మడిలోకి దిగేముందు ఒడ్డు మీద కాసేపు నడవాలి.

* రోజూ అరగంట నడక మంచిది.

* సాగే క్రేప్ బ్యాండేజీ గాని, బిగుతు మేజోళ్లు గాని వాడాలి. పొద్దున మంచం దిగకముందే, వాపు లేనప్పుడే వేసుకోవాలి. బ్యాండేజీ పాదం నుంచి మొదలుపెట్టి పైకి చుట్టాలి. కింద బిగువుగా, పైకి పోయేకొద్దీ కాస్త వదులుగా ఉండాలి. రాత్రి తీసేయాలి. అయితే షుగరు ఉన్నవాళ్లు, నడిస్తే పిక్క నొప్పి పుట్టి ఆగితే తగ్గేవాళ్లు, పాదాలు చల్లబడేవాళ్లు డాక్టరును అడగకుండా చుట్టుకోకూడదు. బ్యాండేజీ తడిస్తే చర్మం చెడుతుంది కాబట్టి బురదలో దిగేటప్పుడు వద్దు.

* జొన్నరొట్టె, ఆకుకూరలు, జామపండ్లు తింటూ నీళ్లు బాగా తాగితే మలబద్ధకం పోతుంది. ఒళ్లు తగ్గించుకోవాలి.

* ఎండిన చర్మానికి రాత్రిపూట కొబ్బరినూనె రాస్తే దురద తగ్గుతుంది, చర్మం పగలదు. గోళ్లతో గీరుకోవద్దు.

ఆకులు, నూనెలు, కాపడాలు

మన ఊళ్లలో ఆముదం పట్టించి గట్టిగా రుద్దడం, వావిలాకు కాపడం పెట్టడం అలవాటు. నూనె రాస్తే తప్పు లేదు గాని, చెడిన కవాటాన్ని ఏ నూనే, ఏ పసరూ బాగుచేయదు. ఉబ్బిన నరాన్ని గట్టిగా రుద్దడం మంచిది కాదు. వేడి కాపడంతో సిరలు ఇంకా వెడల్పవుతాయి, వాపు పెరుగుతుంది. చల్లటి నీళ్లతో కాళ్లు కడుక్కుంటే హాయిగా ఉంటుంది. నరం మీద కాల్చడం, కోసి రక్తం తీయడం ప్రమాదం. విదేశాల్లో హార్స్ చెస్ట్‌నట్ అనే చెట్టు గింజల నుంచి శుద్ధి చేసిన సారంతో కొంతకాలం నొప్పి, వాపు తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. అదీ ఉపశమనమే గాని నయం చేసేది కాదు. శుద్ధి చేయని గింజ విషం.

పుండు పడితే

పుండు మీద బూడిద, పేడ, సున్నం, కిరోసిన్ పెట్టవద్దు. కాచి చల్లార్చిన నీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టి ఆసుపత్రికి పోవాలి. ఈ పుండు మానాలంటే ఒత్తిడితో కట్టే కట్టు ముఖ్యం. అది తెలిసినవాళ్లే కట్టాలి. మానేదాకా బురదలో దిగకూడదు.

ఉబ్బిన నరం పగిలి రక్తం కారితే బెదరవద్దు. వెంటనే పడుకుని కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా నొక్కిపట్టాలి. ఆగకపోతే 108కి ఫోను చేయాలి. ఒకే కాలు హఠాత్తుగా వాచి పిక్క నొప్పి పుడితే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. దానితోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ప్రాణం మీదికి వచ్చినట్టే. రుద్దకుండా, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి.

చికిత్స ఉంది

నరాలు ఉబ్బిన ప్రతివాళ్లకూ ఆపరేషన్ అక్కర లేదు. రంగు మారడం, పుండు, రక్తం కారడం, పని చేయనివ్వని నొప్పి ఉంటే చూపించుకోవాలి. డాప్లర్ స్కానింగ్‌తో ఏ కవాటం చెడిందో తెలుస్తుంది. చెడిన సిరను లేజరుతో గాని, రేడియో తరంగాల వేడితో గాని మూసేస్తారు, చిన్నవాటికి మందు ఎక్కిస్తారు, లేదా కోసి తీసేస్తారు. ఆ సిర పోతే రక్తం ఎలా పోతుందని భయపడనక్కర లేదు. లోపలి పెద్ద సిరలు ఆ పని చూసుకుంటాయి. ముందుగా మెదక్ ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని, అక్కడివాళ్లు రాసిస్తే హైదరాబాదులోని ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రులకు పోవచ్చు. ఖర్చు ఆరోగ్యశ్రీ కింద వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవాలి.

మోటారు ఫుట్‌వాల్వు చెడితే ఒక్కరోజు ఆగం, వెంటనే మార్చేస్తాం. కాలిలోని కవాటానికి మార్చే వాషరు లేదు. ఉన్నవాటిని కాపాడుకోవడమే మన చేతిలో ఉంది. ఈసారి నాట్లకు దిగేముందు ఇంట్లో ఆడవాళ్ల కాళ్లు ఒకసారి చూడండి. గిలక పైన చర్మం నల్లబడి ఉంటే నాట్లయ్యాక చూద్దామని వాయిదా వేయకండి.