బేస్‌బాల్ ఆటలో అంకెల సాక్ష్యము

క్రికెట్ పోటీలు జరుగు దినములలో రేడియో చెంత కూర్చుండి, కాగితముపై పరుగులు గుర్తించుకొను అలవాటు మన యిండ్లలో అనేకులు ఎరిగినదే. ఒక ఆటగాని సగటు 50 అని వినగానే అతడు గొప్పవాడని తలంతుము. ఆ సగటులో ఏది చేరినది, ఏది చేరలేదు అని విచారించువారు మాత్రము తక్కువ. ఆటగాని విలువను తెలుపవలసిన అంకెయే ఒక్కొక్కప్పుడు ఆ విలువను మరుగుపరచును. ఈ సత్యమును గ్రహించి, చేతిలో ధనము లేకున్నను ధనిక జట్లతో సరితూగిన ఒక అమెరికా బేస్‌బాల్ జట్టు కథను ఈ ప్రసంగములో శ్రోతలకు మనవి చేసెదను. ఆ జట్టు ఓక్‌లాండ్ అథ్లెటిక్స్. సంవత్సరము 2002.

ముందుగా ఆ ఆట తీరును కొంచెము తెలిసికొందము. మైదానములో నాలుగు మూలల చతురస్ర మొకటి యుండును. ఆ మూలలను బేసులందురు. బంతి విసరువాడు పిచ్చరు, కొట్టువాడు బ్యాటరు. బ్యాటరు మొదటి బేసు చేరి, క్రమముగా రెండవదానిని, మూడవదానిని దాటి, బయలుదేరిన మూలకే తిరిగి వచ్చినచో జట్టుకు ఒక పరుగు లభించును. ముగ్గురు ఔటైనచో ఒక వంతు ముగియును. అట్టి వంతులు సాధారణముగా ప్రతి జట్టుకును తొమ్మిది. అనగా మొత్తము 27 ఔటులు. ఈ ఆటకు గడియారము లేదు. ఔటులే దాని గడియలు. అవి ఖర్చగు వరకు ఎన్ని పరుగులైనను చేయవచ్చును. కావున ఔటు కాకుండ బేసు చేరుట బ్యాటరు చేయదగిన మొదటి పని.

బేసు చేరుటకు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. బంతిని ఎవరికిని చిక్కకుండ కొట్టి పరుగెత్తుట మొదటిది. దీనిని హిట్టు అందురు. పిచ్చరు విసరిన బంతి నియమితమైన పరిధికి వెలుపలగా పోగా, బ్యాటరు దానిని కొట్టబోక విడిచిపెట్టినచో, అది చెడ్డ బంతిగా లెక్కకు వచ్చును. అట్టివి నాలుగు కాగానే బ్యాటరు మొదటి బేసునకు నెమ్మదిగా నడచిపోవును. ఇది రెండవ మార్గము. దీనికి 'వాక్', అనగా నడక, అని పేరు. చూపరులు దీనికి చప్పట్లు కొట్టరు. కాని బేసు చేరిన ఫలము రెండింటను ఉన్నది.

మరి లెక్కల పుస్తకములో నడకకు స్థానమేమి? 19వ శతాబ్దిలో బేస్‌బాల్ లెక్కలకు రూపము దిద్దిన హెన్రీ చాడ్విక్ అను పత్రికా రచయిత 1824లో ఇంగ్లండులో పుట్టి, చిన్నతనముననే అమెరికా చేరినవాడు. క్రికెట్ ఆటను బాగుగా ఎరిగినవాడు. క్రికెట్‌లో వైడ్ బంతికి వచ్చిన పరుగు బ్యాట్స్‌మన్ ఖాతాలో పడదు కదా! అట్లే నడకయు పిచ్చరు చేసిన తప్పేగాని బ్యాటరు నేర్పు కాదని చాడ్విక్ అభిప్రాయము. కావున హిట్టుల సంఖ్యను ప్రయత్నముల సంఖ్యచే భాగించి బ్యాటింగు సగటు కట్టునపుడు నడకలను పూర్తిగా విడిచిపెట్టిరి. 1887లో ఒక్క సంవత్సరము నడకను హిట్టుతో సమానముగా లెక్కించి, ఆ పద్ధతిని వెంటనే మానివేసిరి. పిమ్మట వంద సంవత్సరములకు పైగా బ్యాటింగు సగటే ఆటగాని కీర్తికిని, జీతమునకును కొలబద్దగా నిలిచినది.

ఈ కొలబద్దలోని లోపమును ఒక ఊహా ఉదాహరణముతో చూతము. ఇద్దరు ఆటగాండ్రు ఒక సీజనులో చెరి 600 సార్లు బ్యాటు పట్టిరనుకొందము. మొదటివాడు 30 నడకలు పొంది, మిగిలిన 570 ప్రయత్నములలో 165 హిట్టులు కొట్టెను. అతని సగటు 0.289. రెండవవాడు 100 నడకలు పొంది, మిగిలిన 500 ప్రయత్నములలో 135 హిట్టులు కొట్టెను. సగటు 0.270. సగటును బట్టి చూచినచో మొదటివాడే మేలు. కాని అతడు బేసు చేరినది 195 సార్లు, రెండవవాడు చేరినది 235 సార్లు. మొదటివాడు జట్టు ఔటులలో 405 ఖర్చు చేయగా, రెండవవాడు 365 మాత్రమే ఖర్చు చేసెను. 40 ఔటుల తేడా! అది ఇంచుమించు ఒకటిన్నర పోటీకి సరిపోవు పెట్టుబడి. నడకలను కూడ చేర్చి, ఎన్నిసార్లు బేసు చేరెనో చూపు అంకెను 'ఆన్-బేస్ పర్సంటేజి' అందురు. మనము దీనిని 'చేరిక శాతము' అనుకొందము.

ఈ విషయము 2002లో హఠాత్తుగా బయటపడినది కాదు. బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టును నడిపిన బ్రాంచ్ రికీ 1947లోనే ఆలన్ రాత్ అను గణాంకవేత్తను ఉద్యోగములో నియమించెను. 1954లో లైఫ్ పత్రికలో వ్యాసము వ్రాసి, చేరిక శాతమునకు ప్రాధాన్యమీయవలెనని వాదించెను. తరువాత కాన్సాస్ రాష్ట్రములో ఆహార పదార్థములను డబ్బాలలో నింపు కర్మాగారమున రాత్రి కావలి కాచిన బిల్ జేమ్స్ అను నతడు, ఆ తీరిక గంటలలో ఆట లెక్కలను శోధించి, 1977 మొదలు తన సొంత ఖర్చుతో సంపుటములు ప్రచురించెను. పాఠకులు ఆదరించిరి. జట్ల యజమానులు మాత్రము చాలకాలము చెవిని పెట్టలేదు. ఆటగాని దేహదారుఢ్యమును, పరుగు వేగమును, బంతి కొట్టునప్పటి దర్జాను కంటితో చూచి ఎంపిక చేయుటయే వారి ఆచారము.

ఆ ఆచారమునకు తానే ఒక బాధితుడైన వ్యక్తి ఓక్‌లాండ్ జట్టు జనరల్ మేనేజరు బిల్లీ బీన్. 1980లో న్యూయార్క్ మెట్స్ జట్టు అతనిని మొదటి విడతలోనే ఎన్నుకొన్నది. ఎత్తు, వేగము, బలము అన్నియు ఉండెను. నిపుణుల కన్నులకు అతడు కాబోవు మహాక్రీడాకారుడు. కాని పెద్ద లీగులో అతడు ఆడగలిగినది 148 పోటీలు, కొట్టినది 3 హోమ్ రన్నులు, సాధించిన సగటు 0.219. పైన పటారము, లోన లొటారము అను సామెత తనయందే నిజమగుటను అతడు చూచెను. 1997లో ఓక్‌లాండ్ జట్టు బాధ్యత స్వీకరించిన పిమ్మట, కంటి తీర్పుకంటె లెక్కల తీర్పునే ఎక్కువగా నమ్మదలచెను. హార్వర్డ్‌లో అర్థశాస్త్రము చదివిన పాల్ డిపొడెస్టా అతనికి సహాయకుడుగ నుండెను.

2001లో ఓక్‌లాండ్ 102 పోటీలు గెలిచెను. ఆ సీజను ముగియగానే ముగ్గురు ముఖ్యులు ధనిక జట్లకు వెడలిపోయిరి. జాన్నీ డేమన్ బోస్టన్‌కు, జేసన్ ఇస్రింగ్‌హౌసెన్ సెయింట్ లూయీకి, జేసన్ గియాంబీ న్యూయార్క్ యాంకీస్‌కు చేరిరి. గియాంబీ చేరిక శాతము ఆ యేడు 0.477, అనగా రెండుసార్లు బ్యాటు పట్టినచో ఇంచుమించు ఒకసారి బేసు చేరువాడు. యాంకీస్ అతనికి ఏడు సంవత్సరములకు 12 కోట్ల డాలర్లు ఇచ్చిరి. 2002లో ఓక్‌లాండ్ ఆటగాండ్రందరి జీతములు కలిపి సుమారు 4 కోట్ల డాలర్లు. యాంకీస్ జీతములు 12 కోట్లకు పైబడియుండెను. అట్టివానికి సాటియైన వేరొకనిని కొనుట ఓక్‌లాండ్‌కు అసాధ్యము.

కనుక వారు గియాంబీ వంటి మనిషిని వెదకుట మాని, అతనితోపాటు పోయిన చేరికలను వెదకిరి. బజారులో హిట్టుకు ధర ఎక్కువ, నడకకు ధర తక్కువ. బేసు చేరుట యను సరుకు చవుకగా దొరకు చోటు నడకలే. స్కాట్ హాటెబర్గ్ బోస్టన్ జట్టులో క్యాచరుగా ఉండెడివాడు. మోచేతి నరము దెబ్బతిని, బంతిని బలముగా విసరలేకపోయెను. క్యాచరుగా అతని పని ముగిసినదని తలచబడెను. కాని మంచి బంతిని, చెడ్డ బంతిని వేరుచేసి చూచు ఓర్పు అతని కన్నులయందు చెక్కు చెదరలేదు. ఓక్‌లాండ్ అతనిని గియాంబీ జీతములో చిన్న భాగమునకే తెచ్చుకొని, అతనికి క్రొత్తయైన మొదటి బేసు స్థానమున నిలిపెను. ఆ యేడు అతని చేరిక శాతము 0.374.

ఈ లెక్క ఆటవ్యూహమును కూడ మార్చినది. మొదటి బేసుపై ఒకడుండగా, వానిని రెండవ బేసుకు జరుపుటకై తరువాతి బ్యాటరు బంతిని మెల్లగా తాకించి తాను ఔటగుట పాత యుక్తి. దీనిని త్యాగమని మెచ్చుకొనెడివారు. కాని ఆ కాలపు వేలకొలది పోటీల లెక్క వేరుగా చెప్పినది. ఎవరును ఔటు కాకుండ మొదటి బేసుపై ఒకడున్నచో, ఆ వంతులో సగటున రాదగినవి సుమారు 0.9 పరుగులు. ఒకడు ఔటై, రెండవ బేసుపై ఒకడున్నచో సుమారు 0.7 మాత్రమే. త్యాగము వలన జట్టుకు నష్టమే కలిగినది. చివరి ఘట్టమున ఒక్క పరుగే కావలసినపుడు ఆ యుక్తి పనికి రావచ్చును. నిత్యవ్రతముగా చేసినచో ఔటులు వృథాయగును. కావున ఓక్‌లాండ్ జట్టు దానిని మిక్కిలి అరుదుగా వాడెను. ఓర్పుతో బంతులను విడుచుటలో మరియొక లాభము కలదు. పిచ్చరు ఎక్కువ బంతులు విసరి త్వరగా అలసిపోవును.

మొదట ఫలితములు నిరాశ కలిగించినవి. మే నెలలో ఓటములే గెలుపులకంటె మిక్కిలిగా ఉండెను. పిమ్మట ఆట పుంజుకొన్నది. ఆగస్టు 13న మొదలైన విజయపరంపర సెప్టెంబరు 4 నాటికి వరుసగా 20కి చేరినది. ఆ ఇరువదవ పోటీలో కాన్సాస్ సిటీ జట్టుపై ఓక్‌లాండ్ 11-0 ఆధిక్యము సంపాదించి, దానినంతను పోగొట్టుకొని, 11-11 వద్ద నిలిచెను. తొమ్మిదవ వంతులో వేరొకనికి బదులుగా బ్యాటు పట్టిన హాటెబర్గ్ హోమ్ రన్ను కొట్టి గెలిపించెను. అమెరికన్ లీగులో అంతవరకు ఏ జట్టును వరుసగా 20 గెలిచి యుండలేదు. 2017లో క్లీవ్‌లాండ్ 22 గెలిచి ఆ రికార్డును దాటినది.

సీజను ముగియునప్పటికి ఓక్‌లాండ్ 103 గెలిచి 59 ఓడెను. యాంకీస్ గెలిచినవియు 103. ఒక్కొక్క గెలుపునకు ఓక్‌లాండ్ వెచ్చించినది సుమారు 4 లక్షల డాలర్లు కాగా, యాంకీస్ వెచ్చించినది సుమారు 12 లక్షలు.

ఇది కేవలము అదృష్టమా? దీనిని పరీక్షించుటకు బిల్ జేమ్స్ ఒక సూత్రము చెప్పియున్నాడు. జట్టు చేసిన పరుగుల వర్గమును, చేసిన పరుగుల వర్గము, ఇచ్చిన పరుగుల వర్గము రెండింటి మొత్తముచే భాగించినచో, ఆ జట్టు గెలువదగిన పాలు తెలియును. ఓక్‌లాండ్ చేసినవి 800 పరుగులు, ఇచ్చినవి 654. లెక్క కట్టగా 162 పోటీలలో 97 గెలుపులు రావలెను. ఆరు గెలుపులు అదృష్టము, సమయస్ఫూర్తి కలిసి ఇచ్చినవనుకొన్నను, 97 గెలుపుల సత్తువ నిజముగా జట్టులో ఉన్నదేయని తేలుచున్నది.

అయినను తుది ఘట్టపు మొదటి మెట్టుననే, అయిదు పోటీలలో మిన్నెసోటా జట్టు 3-2తో ఓక్‌లాండ్‌ను ఓడించెను. విమర్శకులు లెక్కల పద్ధతియే ఓడినదనిరి. కాని ఇచ్చటను లెక్కయే సమాధానము చెప్పును. ప్రతి పోటీలోను నూటికి 60 పాళ్ళు గెలుపు అవకాశమున్న మేలైన జట్టు సైతము, అయిదింట మూడు గెలువవలసిన పోటీలో నెగ్గు అవకాశము నూటికి 68 మాత్రమే. మూడుసార్లలో ఇంచుమించు ఒకసారి ఓటమి తప్పదు. 162 పోటీలలో సమసిపోవు అదృష్టము అయిదింట సమసిపోదు. 103 గెలిచిన యాంకీస్ కూడ ఆ యేడు ఆ మెట్టుననే ఓడిరి.

విమర్శలో న్యాయమైన భాగము వేరొకటి కలదు. ఓక్‌లాండ్ విజయమునకు నడకలే కారణమనుట సరికాదు. టిమ్ హడ్సన్, మార్క్ మల్డర్, బ్యారీ జీటో అను ముగ్గురు గొప్ప పిచ్చర్లు ఆ జట్టున ఉండిరి. జీటో ఆ యేడు 23 పోటీలు గెలిచి, ఉత్తమ పిచ్చరు బహుమతి పొందెను. ఉత్తమ ఆటగాడుగ బహుమతి పొందిన మిగెల్ తెహాదాయు ఆ జట్టువాడే. వీరిని కనుగొనిన ఘనతలో పాత తరపు పరిశీలకుల కంటికిని పాలున్నది. 4 కోట్ల డాలర్లతో వీరి చుట్టును మిగిలిన జట్టును నింపిన యుక్తి మాత్రము లెక్కలది.

ఆ రహస్యము దాగలేదు. 2003లో మైకేల్ లూయిస్ వ్రాసిన గ్రంథము దానిని లోకమునకు చాటినది. అంతకు కొలది నెలల ముందే బోస్టన్ జట్టు బిల్ జేమ్స్‌ను సలహాదారుగా పిలిచి, 2004లో, 1918 తరువాత తొలిసారి, జాతీయ విజేతగా నిలిచెను. ధనికులు కూడ అదే లెక్క నేర్చినప్పుడు నడక ధర పెరిగెను. బీదజట్టుకు దొరకిన చవుక బేరము పోయెను. ఓక్‌లాండ్ నగరములో ఆ జట్టు ఆడిన చివరి సీజను 2024.

అంకె ఎన్నడును తనంతట తాను మాటలాడదు. దానిని పట్టికలో చేర్చినది, లేక విడిచినది, మనిషియే. చాడ్విక్ విడిచిపెట్టిన ఒక్క గడి మూలముగ వంద సంవత్సరములకు పైగా ఓర్పు గల ఆటగాండ్రు తక్కువ విలువకు అమ్ముడుపోయిరి. మోచేయి చెడినదని విడువబడిన హాటెబర్గ్ 2008 వరకు పెద్ద లీగులో ఆడెను. ఇకమీదట శ్రోతలు రేడియో ముందు కూర్చుండి పరుగుల పట్టిక వ్రాయునపుడు, వ్రాసిన అంకెలతోపాటు, ఆ కాగితముపై గడియే లేని పని ఎవరు చేయుచున్నారో కూడ ఒక్కసారి చూడవలెనని మనవి.