పెరట్లో కుందేళ్లు - వారానికో కూర

కుందేలు కూర అనగానే మన పల్లెల్లో పెద్దవాళ్లకు గుర్తుకొచ్చేవి వలలు, వేటకుక్కలు, చేలగట్లు. ఆ ముచ్చట ఇప్పుడు కుదరదు. పొలాల్లో తిరిగే కుందేలుకు, కొన్ని ఊళ్లలో చెవులపిల్లి అనే దానికి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. దాన్ని పట్టినా, కోసినా కేసే. బోనులో పెంచే కుందేలు జాతి వేరు, అది ఐరోపా నుంచి వచ్చింది. రెండింటికీ మన భాషలో ఒకటే పేరు కావడంతో వచ్చిన తికమక ఇది. చేలో పుట్టిన పిల్ల ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో ఉంటుంది. పెంపుడు కుందేలు పిల్ల బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని ఎలుకపిల్లలా పుడుతుంది. చేలో దొరికిన పిల్లను తెచ్చి పెంచుదామని ఎవరూ అనుకోవద్దు.

పెంపకం అంటే అందరూ ముందు లాభం ఎంత అని అడుగుతారు. మనం వంటింటి లెక్క చూద్దాం. ఆడ కుందేలు జత కట్టిన 30, 31 రోజులకు ఈనుతుంది. ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు పెడుతుంది. మండు వేసవి వదిలేస్తే ఏడాదికి నాలుగు ఈతలు వస్తాయి. ఈతకు ఆరే బతికాయనుకున్నా రెండు ఆడ కుందేళ్లకు 48 పిల్లలు. అంటే ఇంచుమించు వారానికి ఒకటి. మేత సరిగా ఉంటే మూడు నెలలకు పిల్ల రెండు కిలోలకు దగ్గర పడుతుంది. అందులో సగం మాంసం. నలుగురున్న ఇంటికి ఒక పూట కూర. మేకను కోస్తే పోగులు వేయాలి, ఇంటింటికీ పంచాలి, డబ్బుల కోసం తిరగాలి. కుందేలుకు ఆ తంటా లేదు. మిగిలిందని దాచే పనీ లేదు.

మన ప్రాంతంలో దీనికి అసలు శత్రువు ఎండ. మదనపల్లె వంటి మిట్ట ప్రాంతాల వాళ్లకు కొంత నయం. మిగతా చోట్ల ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున నీడ, గాలి, చల్లని నీళ్లు లేకపోతే ఉదయం గంతులేసినది సాయంత్రానికి చచ్చి పడి ఉంటుంది. రేకుల కింద బోను పెట్టడం పొరపాటు. వేపచెట్టు నీడన, తాటాకు పందిరి కింద, నడుము ఎత్తున జల్లెడ తీగతో బోను కట్టి చుట్టూ తడి గోనెలు వేలాడదీయాలి. వేడికి మగ కుందేలు కొన్నాళ్లు పిల్లలు పుట్టించే శక్తిని కోల్పోతుంది. అందుకే మార్చి ఆఖరు నుంచి తొలకరి దాకా జత కట్టించకపోవడమే మేలు. ఆడదాన్నే మగదాని బోనులోకి వదలాలి. మగదాన్ని తెచ్చి దాని బోనులో పెడితే ఆడది కొట్లాటకు దిగుతుంది.

మేతకు వెతుక్కోనక్కర్లేదు. మునగాకు, వేరుశనగ కట్టె, అలసంద తీగ, మల్బరీ ఆకు అన్నీ తింటుంది. మంచుతో తడిసిన గడ్డి మాత్రం వాడ్చి వేయాలి, లేకుంటే కడుపు ఉబ్బుతుంది. రాత్రి పూట ఎక్కువ తినే జంతువు కాబట్టి పొద్దుగుంకే వేళ నిండుగా వేయాలి. తన మెత్తటి పెంటను తానే తింటుంటే జబ్బని భయపడవద్దు. దాని అరుగుదల తీరే అంత.

ఇక వంట. మాంసం తెల్లగా, కోడి మాంసానికి దగ్గరగా ఉంటుంది. కొవ్వు బాగా తక్కువ. చాలామంది వంట పాడుచేసేది ఇక్కడే. మేక మాంసంలా పెద్ద మంట మీద ఉడికిస్తే ముక్క పీచులా బిగుసుకుపోతుంది. కార్జానికి అంటుకున్న చేదు తిత్తిని పగలకుండా తీసేయాలి. ముక్కలు కీళ్ల దగ్గర కోయాలి. కత్తితో ఎడాపెడా కొడితే సన్నటి ఎముకలు చీలికలై పిల్లల గొంతులో గుచ్చుకుంటాయి. ఉప్పు, పసుపు, పెరుగు, అల్లం వెల్లుల్లి పట్టించి గంటసేపు ఉంచి, ఉల్లిపాయ వేగిన నూనెలో వేసి, మూత మీద నీళ్లు పోసి సన్నని సెగన ముప్పావు గంట మగ్గనివ్వాలి. దించే ముందు ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి నూరిన ముద్ద వేస్తే సంకటిలోకి సరిపడా పులుసు దిగుతుంది. గోంగూరతోనూ బాగుంటుంది. వేపుడు కావాలంటే ముందు ఉడికించి తర్వాత వేయించాలి. ఈతలు ఉడిగిన ముసలి కుందేలయితే పచ్చిబొప్పాయి ముక్క తప్పదు.

అమ్మకం ఆశతో పెద్ద షెడ్లు కట్టేవాళ్లు జాగ్రత్త పడాలి. యూనిట్లు అంటగట్టి, పిల్లలన్నీ మేమే తిరిగి కొంటామని కాగితాలు రాసిచ్చే వాళ్లు ఉంటారు. ఏమడిగినా తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. మీ ఊళ్లో కుందేలు మాంసం అడిగి కొనేవాళ్లు ఎందరున్నారో ముందు లెక్క వేసుకోండి. విత్తనపు కుందేళ్లు కావాలనుకుంటే కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా జాతులను అక్కడ పెంచుతారు.

ఇంట్లో మరో చిక్కు. రోజూ చేత్తో మేత పెట్టిన ఇల్లాలికి, చెవులు నిమిరిన పిల్లలకు కోసే రోజు చెయ్యి ఆడదు. ఎండకు తట్టుకున్న పెంపకం కూడా దీనితో ఆగిపోవచ్చు. పిల్లలు పేర్లు పెట్టుకుంటామంటే ఏళ్ల తరబడి ఉండే తల్లి కుందేళ్లకు పెట్టుకోనివ్వండి. పాలు మరిచిన పిల్లల బోను మాత్రం పెరటి చివరన, వాళ్ల దారికి దూరంగా ఉంచండి.